రాలిన కాయకూ ధర కట్టండి: ముగ్గురు మంత్రులకు బహిరంగ లేఖ

వ్యవసాయ, మార్కెటింగ్ శాఖల మంత్రి కింజరాపు అచ్చెన్నాయుడు గారికి, ఎంఎస్ఎంఈ, సెర్ప్ శాఖల మంత్రి కొండపల్లి శ్రీనివాస్ గారికి, మహిళా శిశు సంక్షేమ, గిరిజన సంక్షేమ శాఖల మంత్రి గుమ్మిడి సంధ్యారాణి గారికి



ముగ్గురికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. మీ నియోజకవర్గాలు టెక్కలి, గజపతినగరం, సాలూరు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలకు ఒక్కొక్కరు. 2022 ఏప్రిల్ దాకా ఇవి రెండే జిల్లాలు. పండ్లూ కూరగాయలూ పండించే రైతు అచ్చెన్నాయుడు గారి శాఖలోకి వస్తాడు. వాటిని ఎండబెట్టి సరుకుగా మార్చగల పొదుపు సంఘం శ్రీనివాస్ గారి శాఖలో ఉంది. ఆ సరుకును కొనగల అంగన్‌వాడీలూ గిరిజన వసతిగృహాలూ సంధ్యారాణి గారి చేతిలో ఉన్నాయి. పంట నేలపాలు కాకుండా ఆపాలంటే ఈ మూడూ ఒకచోటికి రావాలి. మూడూ ఈ ప్రాంతం మనుషుల చేతుల్లోనే ఉండటం మాకు అరుదుగా దొరికిన అవకాశం. ఆహారశుద్ధి శాఖ మీలో ఎవరి దగ్గరా లేదనీ, పరిశ్రమల మంత్రి దగ్గర ఉందనీ నాకు తెలుసు. అయినా నేను అడిగేదానిలో ముప్పాతిక భాగం మీ ముగ్గురి సంతకాలతో జరిగిపోయే పనే.

రామభద్రపురం మార్కెట్టుతో మొదలుపెడతాను. గజపతినగరం నుంచి సాలూరు వెళ్లే రోడ్డు మీదే ఉంది కాబట్టి మీలో ఇద్దరు తరచూ దాటివెళ్లే ఊరే. చుట్టుపక్కల పల్లెల వంకాయ, టమాటా, బెండ, బీర, పచ్చిమిర్చి తెల్లవారేసరికి అక్కడికి చేరతాయి. ఒడిశా నుంచీ ఛత్తీస్‌గఢ్ నుంచీ వ్యాపారులు వచ్చి కొంటారు. అవతలి లారీలు వచ్చిన రోజు ఒక ధర, రాని రోజు ఇంకో ధర. ఘాట్ రోడ్డు మీద రాకపోకలు ఆగినా, అవతలి రాష్ట్రంలో పంట ముందుగా దిగినా ఇక్కడ టమాటా ధర ఒక్క పూటలో కూలిపోతుంది. తెచ్చిన తట్టలను రైతు వెనక్కి తీసుకెళ్లలేడు. ఆటో కిరాయి మళ్లీ దండగ. అడిగిన ధరకు ఇచ్చేస్తాడు, అదీ కుదరకపోతే అక్కడే పారబోసి ఖాళీ తట్టలతో ఇంటికి వెళ్తాడు. మర్నాడు చేనులో మిగిలిన కాయ కోయించడు, కోత కూలి కూడా గిట్టదు కనుక.

దేశం మొత్తానికి ఈ నష్టాన్ని లెక్కగట్టినవారు ఉన్నారు. నాబార్డు అనుబంధ సంస్థ నాబ్‌కాన్స్ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం కోత నుంచి అమ్మకం లోపల పండ్లలో 6 నుంచి 15 శాతం, కూరగాయల్లో దాదాపు 5 నుంచి 11.6 శాతం పాడవుతున్నాయి. పండ్లలో జామ, కూరగాయల్లో టమాటా అన్నిటికంటే ఎక్కువగా పాడవుతున్నాయి. ధాన్యం, పాలు, మాంసం, చేపలతో కలిపి దేశానికి ఏటా పోతున్నది లక్షన్నర కోట్ల రూపాయల పైమాటే. కానీ కోత కూలి గిట్టక చేనులో వదిలేసిన పంట ఇలాంటి లెక్కల్లోకి సరిగా ఎక్కదు. ఏప్రిల్‌లో ఈదురుగాలికి రాలి, బస్తా ఇంతని గుత్తకు పోయిన పచ్చి మామిడికాయ అమ్ముడైన పంటగానే నమోదవుతుంది. మా ప్రాంతపు నష్టంలో పెద్ద భాగం ఇలాంటిదే. కుళ్లిపోయినది కొంతే, కారుచౌకగా పోయినది ఎంతో.

ఎండబెట్టడం దీనికి ఎంతవరకు మందో ముందుగా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. టమాటాలో నూటికి తొంభై నాలుగు పాళ్లు నీరే. వంద కిలోలు ఎండబెడితే ఐదున్నర, ఆరు కిలోల ఒరుగు మిగులుతుంది. టమాటా కిలో రెండు రూపాయలకు పడిపోయిన రోజున ఎండు కిలోకు ముడిసరుకు ఖర్చు ముప్పై ఐదు రూపాయలు. అదే కిలో ఇరవై పలికే రోజున మూడు వందల యాభై. అంటే మంచి ధర ఉన్న రోజుల్లో టమాటా ఎండబెట్టడం శుద్ధ నష్టం. అయితే ఎండబెట్టే యంత్రం, అంటే డ్రయ్యరు, పంటంతా మింగేయనక్కర్లేదు. ధర కూలిన ఆ పది పదిహేను రోజుల్లో మార్కెట్టులో మిగులుగా నిలబడిపోయే సరుకును అది తీసుకుంటే చాలు. ఆ మిగులే మిగతా సరుకు ధరను కిందికి లాగుతుంది. యార్డులో కొనేవాడు ఇంకొకడున్నాడని తెలిస్తే వ్యాపారి అడిగే ధరే మారుతుంది. ఒరుగు అమ్మితే వచ్చే లాభం కంటే ఈ మార్పే రైతుకు ఎక్కువ అక్కర. ఈ సంగతి గ్రహించకుండా లాభనష్టాల పట్టిక ఒక్కటే చూసి డ్రయ్యర్లు గిట్టవని తేల్చిన వారిని చూశాను.

మరి ఏడాదిలో మిగతా రోజులు ఆ యంత్రం ఏం చేయాలి? ఇక్కడే మన నేల గొప్పతనం ఉంది. మార్చి నుంచి మే దాకా జీడిపండు, ఏప్రిల్‌లో రాలిన పచ్చి మామిడి, మే, జూన్‌లలో మాగిన మామిడి, వానల్లో అనాస, చలికాలంలో కూరగాయలు, ఆ తర్వాత పసుపు, ఏడాది పొడవునా మునగాకు, కరివేపాకు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఒకే పంట మీద ఆధారపడిన ప్రాంతంలో డ్రయ్యరు ఏడాదిలో ఏడెనిమిది నెలలు ఖాళీగా ఉంటుంది. ఇక్కడ ఉండనక్కర్లేదు.

మా వాళ్లకు ఈ విద్య కొత్త కాదు. ఎల్.కోట మండలంలోని భీమాళి ఊరు మామిడి తాండ్రకు పేరుమోసింది. మీరు ముగ్గురూ తినే ఉంటారు. మాగిన కాయల గుజ్జు తీసి, పీచు పోయేలా జల్లెడపట్టి, బెల్లమో చక్కెరో కలిపి చాపల మీద పలచగా పోసి ఎండకు వదులుతారు. ఒక పొర ఆరాక దాని మీద ఇంకో పొర. పొర మందంగా పోస్తే లోపల తడి ఉండిపోయి పులుస్తుంది, మరీ పలచగా పోస్తే చాపకు అంటుకుపోతుంది. ఏ రోజు ఎంత పొయ్యాలో ఆకాశం చూసి నిర్ణయిస్తారు. అక్కడి ఆడవాళ్లకు ఇది చేతిలో ఉన్న విద్య, ఏ శిక్షణ కేంద్రమూ వాళ్లకు నేర్పలేదు. మార్కెట్టులో పండుగా అమ్మడానికి పనికిరాని కాయ, మచ్చ పడిన కాయ, మరీ మాగిపోయిన కాయ, పీచు ఎక్కువున్న నాటుకాయ, ఇవన్నీ తాండ్రలోకి వెళ్లి నెలల తరబడి నిలవ ఉంటాయి. పంట నష్టం తగ్గించడం అని ఈనాడు పెద్ద పెద్ద సమావేశాల్లో మాట్లాడుకుంటున్నది ఆ ఊళ్లో తరతరాలుగా చేస్తున్నారు.

కానీ భీమాళి మొత్తంగా ఎండ దయ మీద బతుకుతోంది. మామిడి మాగే కాలమూ, సాయంత్రాల్లో ఈదురుగాలితో వాన పడే కాలమూ ఒకటే. చాపల మీద పోసిన గుజ్జు మీద జల్లు పడితే ఆ పొర పోయినట్టే. చాపలు ఎత్తి లోపలికి చేర్చేలోపే సగం పాడవుతుంది. దుమ్ము, ఈగ సరేసరి. జూన్‌లో తొలకరి చినుకులు పడ్డాక పండు ఈగ విజృంభిస్తుంది, కాయ లోపల పురుగు పడుతుంది. తోటలో ఇంకా కాయ ఉండగానే కొనేవారు ముఖం చాటేస్తారు. సరిగ్గా ఆ రెండు మూడు వారాల్లో, కాయ అతి చవగ్గా దొరికే రోజుల్లో, ఎండ ఉండదు. తాండ్ర పోసేవారు చాపలు చుట్టేస్తారు. చివరి కోత మామిడి చెట్టు కిందే మిగిలిపోతుంది.

అందుకే ఒట్టి సోలార్ డ్రయ్యర్లు ఇచ్చి చేతులు దులుపుకోవద్దని వేడుకుంటున్నాను. అనంతపురం ఎండకు సరిపోయే పరికరం మా తీరపు ఉక్కకు సరిపోదు. గాలిలోనే తేమ నిండి ఉన్నప్పుడు అద్దాల పెట్టెలో పండు ఎండదు, ఉడుకుతుంది. రాత్రి తిరిగి తేమ పీల్చుకుంటుంది. మబ్బు మూడు రోజులు వీడకపోతే బూజు పడుతుంది. ఎండ ఉన్నంతసేపు ఎండతో, లేనప్పుడు పొయ్యి వేడితో నడిచే డ్రయ్యర్లు మనకు కావాలి. పొయ్యికి కావలసిన వంటచెరకు కోసం అడవికి పోనక్కర్లేదు. శ్రీకాకుళం రైసుమిల్లుల్లో ఊక గుట్టలు గుట్టలుగా ఉంది. ఆ జిల్లా తీరప్రాంతం ఉద్దానంలో కొబ్బరి డొక్కలు ఉన్నాయి. పొగ పండుకు తగలకుండా, గొట్టాల ద్వారా వేడిగాలి మాత్రమే లోపలికి వెళ్లే ఏర్పాటు ఉంటే చాలు. వేడి 55, 60 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. అంతకు మించితే ముక్క పైపొర గట్టిపడి లోపలి నీరు బయటికి రాదు. చూడటానికి ఎండినట్టే ఉండి నెల తిరక్కుండా బూజు పడుతుంది. కంటితో చూసి, వేలితో నొక్కి తేల్చే పద్ధతి ఇంటి వాడకానికి చాలుతుంది. సరుకు అమ్మాలంటే తేమ కొలిచే మీటరు ఉండాలి. డ్రయ్యరు పెట్టే ప్రతి షెడ్డులోనూ ఆ మీటరూ, అది చదవగల ఇద్దరు ఆడపిల్లలూ ఉండాలి.

ఎండను నమ్ముకుంటే కుదరదనడానికి భీమాళి కంటే బలమైన సాక్ష్యం సీతంపేట. అక్కడి కొండల మీద సవరలూ జాతాపులూ పండించే అనాస ఎంత తియ్యగా ఉంటుందో తిన్నవారికే తెలుసు. అది దిగేది వానల్లో. కొండ దిగి, కావిళ్లతో, జీపుల మీద సంతకు తెస్తారు. అనాస కోసిన తర్వాత ఇక తీపెక్కదు, మొక్క మీద మాగాకే కోయాలి. మాగినది నాలుగైదు రోజులకు మించి నిలవదు. వాన కురుస్తుండగా కొండ మీది నుంచి తెచ్చిన పండును సాయంత్రం తిరిగి మోసుకుపోయే గిరిజన రైతు ఎవరూ ఉండరని కొనే వ్యాపారికి తెలుసు. మధ్యాహ్నం దాటేసరికి ధర అతని నోటి మాట. ఇలాంటి చోట చక్రాలుగా కోసిన అనాసను రాత్రికి రాత్రే వేడిగాలిలో పెట్టే షెడ్డు ఒకటి సంతకు నడిచే దూరంలో ఉంటే ఆ నోటి మాటకు అడ్డం పడుతుంది.

సంధ్యారాణి గారూ, గిరిజన సహకార సంస్థ 1956 నుంచి చింతపండు, తేనె, కొండచీపుర్ల వంటివి కొంటోంది. కొనుగోలు జాబితా ఉంది, గోదాములున్నాయి, అమ్మే దుకాణాలున్నాయి. పచ్చి పండు కొనమని ఆ సంస్థను నేను అడగడం లేదు. అది దానికి చేతకాని పని, నష్టం వస్తుంది. ఎండిన అనాస చక్రాన్నీ మామిడి ఒరుగునూ ఆ జాబితాలో చేర్చి, సీజనుకు ముందే ధర ప్రకటిస్తే చాలు. మిగతాది సంఘాలు చూసుకుంటాయి. అటవీ ఉత్పత్తులను సరుకుగా మార్చే వన్‌ధన్ కేంద్రాలు కూడా ఉన్నాయి. ఒక్కో కేంద్రానికి మూడు వందల మంది సభ్యులు, పదిహేను లక్షల రూపాయల సాయం. కొత్త పథకం పేరు వెతకనక్కర్లేదు. ఉన్న కేంద్రాలకు వేడిగాలి డ్రయ్యరూ, కొనే హామీ జతచేయండి.

పచ్చి మామిడి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. గాలివానకు రాలిన కాయను తొక్కు తీసి ముక్కలు కోసి ఎండబెడితే ఆమ్‌చూర్ అనే మామిడి పొడికి ముడిసరుకు. పక్కనే ఉన్న బస్తర్ సంతల్లో గిరిజన ఆడవాళ్లు దీన్ని అమ్ముకుంటారు. ఉత్తరాది వంటల్లో దానికి ఏడాది పొడవునా గిరాకీ. ఇనుప కత్తితో కోస్తే ముక్క నల్లబడి ధర తగ్గుతుంది, స్టీలు కత్తితో కోసి అదే పూట డ్రయ్యరులో పెడితే తెల్లగా ఉంటుంది. తేడా అంతే. రామభద్రపురానికి కూరగాయల కోసం వచ్చే ఛత్తీస్‌గఢ్ వ్యాపారే ఈ సరుకు కూడా తీసుకెళ్లగలడు. దారి ఉంది, లారీ ఉంది, కొనేవాడున్నాడు, కాయ తోటలో రాలి ఉంది.

ఉద్దానం వైపు వస్తే నా మనసు మరింత కలుక్కుమంటుంది. పలాస కాశీబుగ్గ జీడిపప్పు పేరు దేశమంతా తెలుసు. ఆ పప్పు వెనక ఆడవాళ్ల చేతులున్నాయి. జీడి రసానికి వేళ్లు నల్లబడి, తోలు ఊడినా పిక్క విరగకుండా ఒలిచే నైపుణ్యం వాళ్లది. ఇక్కడి ఫ్యాక్టరీలకు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు దిగుమతి అవుతాయి. ప్రపంచంలో ఏ మూలో పండిన పిక్కను ఇక్కడికి తెచ్చి ఒలిచి పంపగలుగుతున్నాం. మన తోటలోనే, ఆ పిక్కను మోసిన పండును మాత్రం చెట్టు కింద వదిలేస్తున్నాం. పిక్క కంటే పండు బరువు ఐదు రెట్లకు తక్కువ ఉండదు, ఎనిమిది రెట్లు కూడా ఉంటుంది. అంటే జీడి తోటలో పండే పంటలో చాలా ఎక్కువ భాగం ఏటా నేలపాలే. అది సామాన్యమైన పండు కాదు. నారింజ కంటే నాలుగైదు రెట్లు సి విటమిన్ ఉంది. గొంతు పట్టేసే ఒగరు ఉందని జనం తినరు. ఆవిరి పట్టినా, ఉప్పునీళ్లలో నానబెట్టినా ఆ ఒగరు తగ్గుతుంది. రసం తీస్తే సగ్గుబియ్యం గంజి కలిపి ఒగరును విరిచేయవచ్చు. త్రిసూర్ దగ్గర మడక్కత్తరలో కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఈ పండుతో సిరప్, క్యాండీ, జామ్, పచ్చడి చేసి అమ్ముతోంది. గోవాలో దీనితో ఫెనీ కాస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనం సారా దారి పట్టనక్కర్లేదు. కేరళ దారి చాలు.

ఇందులో చిక్కు ఒక్కటే, అది సమయం. జీడిపండు రాలిన రోజే పులియడం మొదలవుతుంది. ఊరికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎంత పెద్ద ఫ్యాక్టరీ కట్టినా అక్కడికి చేరేసరికి పనికిరాదు. కవిటి, మందస, వజ్రపుకొత్తూరు తోటల మధ్యనే, పొద్దున ఏరిన పండు మధ్యాహ్నంలోపు చేరే దూరంలో చిన్న చిన్న షెడ్లు ఉండాలి. రైతుకు ఇప్పుడు పండు నుంచి పిక్కను మెలితిప్పి తీయడం ఎలాగూ ఉన్న పనే. నేల మీద పడి మట్టి అంటిన పండు కాకుండా వలలు కట్టి పట్టుకున్న పండు కావాలని చెప్పి, దానికి కిలోకు ఇంతని ధర పెడితే తీసుకొస్తాడు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఈ ఉద్దానాన్ని ఎలా నేలమట్టం చేసిందో అచ్చెన్నాయుడు గారికి నేను చెప్పాలా? కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ తర్వాత నాటుకున్న జీడి అంట్లు ఇప్పుడు కాపు మీద ఉన్నాయి. మళ్లీ మొదటి నుంచి తోట పెంచుకున్న ఆ కుటుంబాలకు చెట్టు ఇచ్చేదంతా చేతికి అందే ఏర్పాటు చేయడానికి ఇదే తగిన సమయం.

పనస గురించి రెండు మాటలే. లేత కాయ కూర కోసం ఉత్తరాదికి లారీలకెత్తుతోంది, బాగానే ఉంది. మాగిన పండు మాత్రం మోయలేక, అమ్ముకోలేక చెట్టు కింద పగిలిపోతోంది. పనసను కేరళ 2018లో తమ రాష్ట్ర ఫలంగా ప్రకటించుకుంది, పిండి దాకా చేసి అమ్ముతోంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర లేనిదే పెళ్లి భోజనం పూర్తికాని మా ప్రాంతంలో ఎండబెట్టిన పనసపొట్టు ప్యాకెట్టు దొరకదు. విశాఖలో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మా పిల్లలు దాని కోసం మొహం వాచి ఉన్నారు.

ఇదంతా చిన్న చిన్న పనులు, పెద్ద ఫుడ్ పార్కు ఒకటి తెస్తే అన్నీ అవే తీరతాయని మీకు సలహా ఇచ్చేవారు ఉంటారు. నేను పెద్ద ఫ్యాక్టరీలకు వ్యతిరేకిని కాను. కానీ 2025 వేసవిలో చిత్తూరు తోతాపురి మామిడి రైతు పరిస్థితి అచ్చెన్నాయుడు గారికి తెలుసు. దేశంలోనే పెద్ద గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్న జిల్లా అది. పాత గుజ్జు నిల్వలు అమ్ముడుపోలేదని ఫ్యాక్టరీలు వెనక్కి తగ్గితే ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలనీ ప్రభుత్వం 4 రూపాయలు కలపాలనీ నిర్ణయించవలసి వచ్చింది. కొనేవాడు ఒక్కడే, సరుకు ఒక్కటే అయినప్పుడు ఎంత పెద్ద ఫ్యాక్టరీ అయినా రైతును కాపాడలేదు. శీతల గిడ్డంగి కూడా అంతే. బంగాళాదుంపకూ మిర్చికీ బాగానే ఉంటుంది. కిలో మూడు రూపాయలు పలికే వంకాయను కరెంటు ఖర్చుతో నిలవ ఉంచే రైతు ఎవరు?

చిన్న షెడ్లు కూడా చాలా చోట్ల మూతపడ్డాయన్నది నిజం. తాళం వేసిన గదిలో దుమ్ము పట్టిన యంత్రాలు మన మూడు జిల్లాల్లోనూ కనిపిస్తాయి. ఆడవాళ్లకు చేతకాక కాదు. యంత్రం ఇచ్చారు, ఫొటో దిగారు, సరుకు ఎవరు కొంటారో చెప్పలేదు. పచ్చళ్లు, పొడులు చేసుకుని ప్రదర్శనల్లో బల్ల వేసుకుని కూర్చుని ఎంతకాలం నెట్టుకొస్తారు? ఎక్కడ నిలబడ్డాయో చూస్తే సంగతి అర్థమవుతుంది. మహారాష్ట్రలో ఎస్4ఎస్ టెక్నాలజీస్ అనే సంస్థ పల్లె ఆడవాళ్లకు సోలార్ డ్రయ్యర్లు ఇచ్చి, ఎండిన ఉల్లి, టమాటా, అల్లం తానే కొని హోటళ్లకూ క్యాంటీన్లకూ అమ్ముతోంది. 2023లో దానికి ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. మన రాష్ట్రంలోనే కర్నూలు వైపు పొదుపు సంఘాల మహిళలు ఉల్లి, టమాటా ఎండబెట్టే యూనిట్లు నడుపుతున్నది కూడా సరుకు తీసుకునే కంపెనీ ముందే ఉండబట్టే. కొనుగోలు ముందు, యంత్రం తర్వాత. ఈ వరుస తిరగబడిన ప్రతిచోటా షెడ్డుకు తాళం పడింది.

మా ప్రాంతంలో మొదటి కొనుగోలుదారు ప్రభుత్వమే కావాలని నా కోరిక. బడిలో మధ్యాహ్న భోజనంతో పాటు పిల్లలకు వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు. వారంలో ఒక రోజు తాండ్ర ముక్క ఇవ్వలేమా? అంగన్‌వాడీ నుంచి గర్భిణులకు వెళ్లే కిట్లలో ఎండు ఖర్జూరం ఇస్తూ వచ్చారు. ఆ పక్కన సీతంపేట అనాస చక్రాలు నాలుగు చేరితే తప్పేముంది? చక్కెర తక్కువ వేసి, రంగూ గంధకపు మందూ కలపకుండా, నీడలో వేడిగాలికి ఆరబెట్టిన తాండ్రలో ఎ విటమిన్ తగినంత నిలిచే ఉంటుంది. నేరుగా ఎండలో పెడితే అందులో చాలా భాగం పోతుంది. పిల్లల కోసం అయినా ఈ షెడ్లు కావాలి. మునగాకు పొడి కూడా ఇంతే. రక్తహీనతకు మాత్రలతో పాటు ఆకు కూడా ఇవ్వవచ్చు. మూడు జిల్లాల బళ్లు, అంగన్‌వాడీలు, వసతిగృహాలు మూడేళ్లపాటు నెలకు ఇంత సరుకు కొంటాయని రాతపూర్వకంగా ఇస్తే, ఆ కాగితం చూపించి సంఘాలు బ్యాంకులో అప్పు తెచ్చుకోగలవు.

అప్పు మాట వచ్చింది కాబట్టి శ్రీనివాస్ గారికి ఒక విన్నపం. చిన్న ఆహార యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ ఉంది. పొదుపు సంఘాల సభ్యులకు తలా 40 వేల రూపాయల మూలధనం కూడా ఉంది. మంచి పథకం. కానీ రాయితీ బ్యాంకు అప్పుతో ముడిపడి ఉంది. ఏజెన్సీలో 1/70 చట్టం గిరిజనుల భూమిని కాపాడుతోంది, కాపాడాలి కూడా. ఆ భూమి తాకట్టు పనికిరాదని బ్యాంకు మేనేజరు వెనకాడితే సీతంపేట సంఘానికి ఆ రాయితీ అందదు. సెర్ప్ ద్వారా మండల సమాఖ్యలే పూచీ నిలబడే దారి మీరు చూడాలి. యంత్రం సమాఖ్య పేరు మీద ఉండాలి. కూలి రోజు లెక్కన కాకుండా ఎండు కిలో లెక్కన ఉంటే పని చేసినవారికి గిట్టుతుంది, షెడ్డుకూ గిట్టుతుంది. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషను, ప్యాకెట్టు మీద ముద్ర, గాలి చొరని సంచి, ఈ మూడింటినీ సంఘం మీదకు నెట్టకుండా జిల్లా స్థాయిలో ఒకచోట చేసిపెట్టాలి. మా తీరపు తేమలో పల్చటి పాలిథీన్ సంచిలో కట్టిన ఒరుగు వానాకాలం దాటదు.

చదువు సాయం కోసం దూరం వెళ్లనక్కర్లేదు. పార్వతీపురంలో ఉద్యాన కళాశాల ఉంది. ఆమదాలవలసలో, రస్తాకుంటుబాయిలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. నైరలో వ్యవసాయ కళాశాల ఉంది. జీడిమామిడి పరిశోధన స్థానం మాత్రం బాపట్లలో ఉంది, మా జీడి పలాసలో ఉంది. ఉద్దానంలో జీడిపండు మీద పనిచేసే చిన్న ప్రయోగశాల ఒకటి ఆ స్థానం తరఫునే పెట్టించండి. అనాస ఎన్ని గంటలు, ఎంత వేడిలో, జూలై వానలో ఎలా ఎండుతుందో పార్వతీపురం విద్యార్థులు రెండు సీజన్లలో తేల్చగలరు. ఎక్కడో రాసిన పుస్తకంలో అంకెలు మా తేమకు సరిపోవు.

ముందుగా నాలుగు చోట్ల మొదలుపెట్టమని అడుగుతున్నాను. రామభద్రపురం యార్డులో కూరగాయలకు, భీమాళిలో మామిడికి, సీతంపేట సంత దగ్గర అనాసకు, కవిటి వైపు జీడిపండుకూ పనసకూ ఒక్కో షెడ్డు. అన్నీ ఒకేసారి, ఒకే నమూనాలో కట్టవద్దు. భీమాళి ఆడవాళ్లను అడగకుండా భీమాళి షెడ్డు గీయవద్దు. చాప ఎంత వెడల్పు ఉండాలో, పొర ఎంత మందం పొయ్యాలో వాళ్లకే తెలుసు. షెడ్డు వాళ్ల పద్ధతికి కప్పుగా, వాన రోజుకు పొయ్యిగా ఉండాలి తప్ప వాళ్ల తాండ్రను మార్చేయకూడదు. ఫలితం ఎన్ని యంత్రాలు పంచామన్న లెక్కతో తేల్చవద్దు. ధర పడిపోయిన రోజుల్లో షెడ్డు ఎన్ని క్వింటాళ్లు కొన్నది, ఏ ధరకు కొన్నది, ఆ వారం యార్డులో మిగతా సరుకు ధర ఎంత ఉన్నది, ఈ మూడు అంకెలూ మార్కెట్టు గోడ మీద రాయించండి.

జీడిపండు మార్చిలో మొదలవుతుంది, ఈదురుగాలులు ఏప్రిల్‌లో. అంతకు ముందే మీరు ముగ్గురూ ముగ్గురు కలెక్టర్లనూ, సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏ అధికారులనూ, భీమాళి నుంచి, పలాస నుంచి, కొండ ఊళ్ల నుంచి కొందరు ఆడవాళ్లనూ ఒక పూట రామభద్రపురం మార్కెట్టు యార్డులో కూర్చోబెట్టండి. తెల్లవారుజామున వస్తే లారీలు, తట్టలు, పారబోతలు అన్నీ మీ కళ్లతోనే చూడవచ్చు. ఎవరి శాఖ ఏం చేస్తుందో, ఎంత కొంటుందో, ఏ ధరకు కొంటుందో అక్కడే రాసి సంతకాలు పెట్టి లేవండి.

ఇట్లు
విజయనగరం జిల్లా మామిడి రైతు కుటుంబానికి చెందిన ఒక మహిళ